అబిడ్స్ ఏసీ నీళ్లతో నాంపల్లి ఆవిరి బండి

నేను ముప్పై ఒక్క ఏళ్లు నడిపిన రైలింజను ఎత్తు నా తొడల దాకా వస్తుంది. పట్టాల మధ్య వెడల్పు ఏడుంబావు అంగుళాలు. నాంపల్లి స్టేషన్ నుంచి నడిచిపోయేంత దూరంలో ఒక ట్రస్టు వారి పిల్లల తోట ఉంది. ప్రహరీ గోడ వెంబడి చుట్టు తిరిగి, బయల్దేరిన చోటికే వచ్చి ఆగడం ఆ బండి పని. ఎక్కినవాళ్లు సైకిల్ మీద కూర్చున్నట్టు అటో కాలూ ఇటో కాలూ వేసుకుని కూర్చోవాలి. పెళ్లిళ్లలో మా బావమరిది నన్ను "రైలు డ్రైవర్" అని పరిచయం చేసి, అవతలివాళ్లు ఏ లైను అని అడిగేలోపు పక్కకు జారుకునేవాడు. నేనే చెప్పేవాణ్ని, "నాంపల్లి నుంచి నాంపల్లి, వయా వేపచెట్టు" అని.

ఈ పని నేర్చుకుంటామని ఇప్పుడు అప్పుడప్పుడు కుర్రవాళ్లు వస్తున్నారు, అమ్మాయిలూ వస్తున్నారు. ఇది వాళ్లకోసం రాస్తున్నాను. జీతం ఎప్పుడెంత పెరిగింది, ఎవరు శాలువా కప్పారు అనేవి రాయను. అవి చదివి ఎవరూ ఇంజన్ నడపలేరు. నేను చేసిన ఒక తప్పు గురించి మాత్రం పూర్తిగా రాస్తాను.

చిన్న ఇంజన్, చిన్నది కాని ఆవిరి

మా ఇంజన్ పేరు నాలుగో నంబరు. ఒకటీ రెండూ మూడూ ఎన్నడూ లేవు. ఇంకో మూడు షెడ్డులో ఉన్నాయని జనం అనుకుంటారని, కట్టించిన పెద్దమనిషి ఇత్తడి పలక మీద నాలుగు అంకె వేయించాడు. ఆయన సరదా అది. మిగతాదంతా నిజమే. నిజమైన బొగ్గు, నిజమైన నిప్పు, రాగి బాయిలర్‌లో మరిగే నీళ్లు, చక్రాన్ని తిప్పే ఆవిరి.

బొమ్మ రైలు అని మురిసిపోతూ వచ్చేవాళ్లకు మొదట చెప్పవలసింది ఇదే. పెద్ద ఇంజన్‌లో నీళ్లు తగ్గితే మనిషి తేరుకోవడానికి కాస్త వ్యవధి ఉంటుంది. చిన్నదానిలో ఉండదు. కడవెడు నీళ్లు మరగడానికీ చెంబెడు నీళ్లు మరగడానికీ ఉన్న తేడాయే ఇక్కడా. లోపలి రాగి పెట్టె నెత్తిన ఎప్పుడూ నీళ్లు కప్పుకుని ఉండాలి. ఆ పెట్టెలోనే నిప్పు ఉంటుంది. నీళ్లు దిగిపోయి పెట్టె నెత్తి బయటపడితే రాగి మెత్తబడుతుంది, ఆవిరి దాన్ని కిందికి తొక్కుతుంది. ఆ తరువాత ఏమవుతుందో రాయడం నాకు ఇష్టం లేదు. డ్రైవర్ వెనకే మొదటి సీటు, ఆ సీటులో ఎప్పుడూ ఎవరో ఒక పిల్ల ఉంటుంది.

అద్దాన్ని అడగాలి

మా నాన్న ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో కృష్ణా జిల్లా నుంచి గుమాస్తాగా వచ్చి, నాంపల్లి వెనక సందులో కిరాయికి దిగాడు. నేను అక్కడే పుట్టాను. ఐటీఐ చదివి, అబిడ్స్‌లో కాలేజీల ప్రయోగశాలలకు సామాన్లు చేసే చిన్న లేతు షాపులో కొన్నేళ్లు పనిచేశాను. అక్కడికి ఒకరోజు ఇత్తడి ముక్క ఒకటి తిప్పించుకోవడానికి వచ్చిన మనిషే నా గురువు. అందరూ పెద్ద మిస్త్రీ అనేవారు. తాతల నాటి నుంచి హైదరాబాదువాడు. రైల్వే వర్క్‌షాపులో రిటైరై, తోటలో ఈ ఇంజన్ చూసుకుంటున్నాడు. నేను తిప్పిన ముక్కను కంటి దగ్గర పెట్టుకుని చాలాసేపు చూసి, "ఏం పేరు?" అన్నాడు.

"మూర్తి అండీ."

"చెయ్యి మంచిగున్నది. జర తొందర ఉన్నది. రేపు తోటకు రా, తొందర తీసేస్త."

ఆ తొందర ఆయన పూర్తిగా తీయలేకపోయాడు. అది తరువాత తెలిసింది.

మొదటి మూడు నెలలు బొగ్గు కొట్టడమే పని. ఉసిరికాయంత ముక్కలు, అంతకు పెద్దవి వద్దు, పొడి వద్దు. నాలుగో నెలలో గేజీ గ్లాసు ముందు కూర్చోబెట్టాడు. బాయిలర్‌లో నీళ్లు ఎంత ఉన్నాయో బయటికి చూపించే సన్నని గాజు గొట్టం అది. దాని కింద చిన్న కుళాయి ఉంటుంది. కుళాయి తిప్పితే గ్లాసులో నీళ్లు బుస్సుమని దిగిపోతాయి. మూస్తే మళ్లీ ఎగిరి తమ మట్టానికి రావాలి. గబుక్కున వస్తే దారి తెరిచి ఉన్నట్టు. బద్ధకంగా వస్తే ఎక్కడో అడ్డం పడినట్టు.

"సగం ఉన్నాయండీ నీళ్లు" అన్నాను మొదటిరోజు.

"అడిగినవా?"

"కనిపిస్తోంది కదండీ."

"కనవడుడు వేరే, అడుగుడు వేరే. గీ అద్దం అబద్ధమాడ్తది మూర్తీ. చూస్తే చాలదు, అడగాలె. పొద్దుగాల అడగాలె, ప్రతి ట్రిప్పుకు ముందర అడగాలె. లైన్ల ఎంత మంది నిలవడ్డా సరే."

మా భాషలో ఆ కుళాయి తిప్పడాన్ని 'అడగడం' అంటాం. బయటివాళ్లకు వింతగా ఉంటుంది.

మూసీలో పడ్డ పానా

మిస్త్రీ గారి మొండితనం గురించి ఒకటి చెప్పాలి. ఆవిరి మితిమీరితే తనంతట తాను తెరుచుకుని బయటికి వదిలేసే సేఫ్టీ వాల్వ్ ఒకటుంది. దాన్ని బిగిస్తే ఆవిరి పోకుండా ఆగి, బండి ఇంకాస్త బరువు లాగుతుంది. బిగించడం ఎంత సులువో అంత పాపం. ఒక పండగ రోజు అప్పట్లో తోట చూసే అధికారి తన చుట్టాల్ని ముప్పై మందిని తీసుకొచ్చి, అందరినీ ఒకే ట్రిప్పులో తిప్పమన్నాడు. వేపచెట్టు దగ్గర ఎత్తు ఎక్కలేక బండి నిలిచిపోయింది. పైన వాల్వ్ బుసబుసలాడుతోంది.

"ఆవిరంతా దండగైపోతోంది, దాన్ని కాస్త బిగించవయ్యా" అన్నాడు అధికారి.

"పానా లేదు సార్" అన్నాడు మిస్త్రీ. పానా ఆయన జేబులోనే ఉంది. నాకు కనిపిస్తూనే ఉంది.

సాయంత్రం ఆయన్ని ఇంటిదాకా దింపడానికి ఇద్దరం కలిసి బయల్దేరాం. ఆయన ఇల్లు పాతబస్తీలో. అఫ్జల్‌గంజ్ వంతెన మీద ఆగి, జేబులోంచి పానా తీసి మూసీలోకి విసిరేశాడు. ఎందుకండీ అంటే, "ముసలితనంల అబద్ధమెందుకు? గిప్పుడు నిజంగనే లేదు" అన్నాడు. అప్పటి నుంచి మా దగ్గర ఒక ఆనవాయితీ. ఏడాదికోసారి వాల్వ్ సరిచూసే రోజు కొత్త పానా చేస్తాం. పని అయ్యాక అందరి ఎదుట రంపంతో రెండు ముక్కలు కోసేస్తాం. పై అధికారులు చెడ్డవాళ్లని కాదు నేను చెప్పేది. వాళ్లకు ఆవిరి కనిపిస్తుంది, దాని బలం కనిపించదు. ఆ బలం తెలిసినవాడే కాదనాలి.

నేను అడగని రోజు

మిస్త్రీ గారు పోయిన కొన్నేళ్లకు జరిగింది. వేసవి సెలవుల్లో చివరి ఆదివారం. టికెట్ల లైను గేటు దాటి రోడ్డు మీదికి పోయింది. ఎండకు పిల్లలు ఏడుస్తున్నారు, తండ్రులు నా మీద కేకలు వేస్తున్నారు. ప్రతి ట్రిప్పుకూ కుళాయి తిప్పి చూస్తుంటే ఒకాయన, "ఏంది బై, గాడ నల్లా ఇప్పుకుంట కూసున్నవ్, బండి నడుపు!" అని అరిచాడు. పౌరుషం వచ్చింది. మూడు ట్రిప్పులు అడగకుండా తిప్పాను. గ్లాసులో నీళ్లు సగానికి పైనే కనిపిస్తున్నాయి.

ఆ మూడో ట్రిప్పులో వేపచెట్టు ఎత్తు మీద గమనించాను. బండి అదురుతుంటే గ్లాసులో నీళ్లు కూడా కిందికీ మీదికీ ఆడాలి. అవి ఆడడం లేదు. ఫొటోలో నీళ్లలా కదలకుండా ఉన్నాయి. అద్దం అబద్ధమాడుతోంది, లోపల నీళ్లు ఎంత దిగిపోయాయో తెలియదు. వెనక ఇరవై రెండు మంది. మొదటి సీటులో ఒక పెద్దామె, ఒళ్లో మనవరాలు.

చెయ్యి తనంతట తానే బాయిలర్‌లోకి నీళ్లు తోసే పంపు మీదికి పోయింది. దాన్ని వెనక్కి లాక్కోవడం నా జీవితంలో నేను చేసిన అతి కష్టమైన పని. ఎర్రగా కాలిన పెనం మీద నీళ్లు చల్లితే ఏమవుతుందో వంటింట్లో అందరూ చూసిందే. మూత బిగించిన బాయిలర్‌లో అదే చేస్తే ఆ ఆవిరికి పోవడానికి దారి ఉండదు. బ్రేకు వేసి, నిప్పును మోసే ఇనప జాలీ కింది పిన్ను లాగేశాను. నిప్పంతా పట్టాల మధ్య కంకర మీద పడింది. "అందరూ ఎడంవైపు దిగి గోడ దాకా నడవండి, ఉరకొద్దు" అని అరిచాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

ఎవరికీ ఏమీ కాలేదు. పెద్దామె మనవరాలిని చంకనేసుకుని నా దగ్గరికి వచ్చింది. "గిట్ల నడిమిట్ల దింపినవేంది బిడ్డా?" అంది.

"నా తప్పమ్మా. చూసుకోవలసింది చూసుకోలేదు" అన్నాను.

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "తప్పొప్పుకున్నోని బండి మల్ల ఎక్కొచ్చు. బాగు చేస్కో, వస్తం" అని వెళ్లిపోయింది.

బాయిలర్ చల్లారాక విప్పి చూశాను. పెట్టె నెత్తి కాస్త కుంగి ఉంది. గ్లాసు కింది దారి సున్నంతో పూడుకుపోయి ఉంది. ఇంకొక్క చుట్టు తిరిగి ఉంటే ఇది రాయడానికి నేను ఉండేవాణ్ని కాదు. నా సంగతి వదిలేయండి, ఆ మనవరాలు ఉండేది కాదు.

రిజిస్టరులో రాసిన మాట

మరునాడు ట్రస్టు కార్యదర్శి గారు బషీర్‌బాగ్‌లోని తన ఆఫీసుకు పిలిపించారు. ఆయన చెడ్డ మనిషి కాదు, నాకు మేలు చేద్దామనే చూశారు.

"మూర్తిగారూ, రిజిస్టర్ల జర సోచాయించి రాయిన్రి. బాయిలర్ పాతగైంది, దానంతట అదే ఖరాబైంది అని రాయిన్రి. కమిటీ కొత్తది మంజూరు చేస్తది. మీ తప్పని రాస్తే మాత్రం ఆవిరే వద్దంటరు. బ్యాటరీ మోటర్ వెడ్తరు. స్పీకర్ల కూ అంటది, పొగ మిషిన్ల పొగ వస్తది. పిల్లలకు ఏం తెలుస్తది చెప్పున్రి?"

నేను ఆలోచించలేదని అబద్ధమాడను. రెండు రోజులు ఆలోచించాను. ఒక్క మాట మారిస్తే ఇంజన్ బతుకుతుంది. మూడోరోజు తోటకు పోయి, కుంగిన ఆ రాగి పెట్టెను చూస్తూ కూర్చున్నాను. తప్పు బాయిలర్‌దని రాస్తే కొత్త బాయిలర్ వస్తుంది, నా తరువాత కొత్త డ్రైవరూ వస్తాడు. అద్దాన్ని ఎందుకు అడగాలో వాడికి ఎవరు చెబుతారు? రిజిస్టరు తెరిచి, "మూడు ట్రిప్పులు గ్లాసును అడగలేదు. తప్పు నాది" అని రాసి సంతకం పెట్టాను.

కార్యదర్శి గారు చెప్పినట్టే అయింది. కమిటీ మోటారుకు ఆర్డరు పెట్టింది. నేను వాళ్ల ముందు నిలబడి, బాయిలర్ నా చేతులతో చేస్తానని, వచ్చే వేసవి సెలవుల మొదటి రోజుకు బండి కదిలిస్తానని అన్నాను. కదలకపోతే లోపలంతా తీసేసి మోటారు బిగించుకోవచ్చన్నాను. ఒప్పుకున్నారు. మోటారు పెట్టె వచ్చి షెడ్డులో నా బెంచీ పక్కనే కూర్చుంది. పది నెలలు దాని మొహం చూస్తూ పనిచేశాను.

బేగం బజార్ రాగి

బాయిలర్‌కు ముందూ వెనకా ఉండే రాగి పలకల అంచులు పళ్లెం అంచులా మడిచి కొట్టాలి. ఆ పని నాకు రాదు. బేగం బజార్‌లో బిందెలూ డేక్షాలూ కొట్టే బాలయ్య అనే కంచరి దగ్గరికి పోయాను.

"నేను డేక్షాలు చేస్త సార్, ఇంజన్లు గాదు" అన్నాడు.

"ఇదీ డేక్షానే బాలయ్యా. మూత అతికేసిన డేక్షా."

"మూత అతికేస్తే పేల్తది గద సార్?"

"అందుకే నీ దగ్గరికి వచ్చాను."

నవ్వి, పలక అందుకున్నాడు. కట్టె అచ్చు మీద పెట్టి సుత్తితో కొడతాడు. పది దెబ్బలకోసారి మళ్లీ ఎర్రగా కాల్చి, నీళ్లలో ముంచి, మెత్తబరిచి కొడతాడు. నాకు ఆత్రం. "ఒక్కసారి కాల్చకుండా కానీయవయ్యా" అన్నాను. కానిచ్చాడు. తరువాత పలకను రాతి మీద జారవిడిచి చెవి ఒగ్గాడు. "పలుకుతలేదు సార్. పగిలింది" అన్నాడు. కంటికి ఏమీ కనిపించలేదు. భూతద్దం పెడితే అంచున వెంట్రుకంత గీత ఉంది. "రాగిని తొందరవెడితే గిట్లనే" అని, నన్నేమీ అనకుండా కొత్త పలక తీశాడు. మిస్త్రీ గారు నా చేతిలో చూసిన తొందర అప్పటికీ అక్కడే ఉందన్నమాట. ఆ తరువాత బాలయ్య కొడుతున్నప్పుడు నేను చేతులు కట్టుకుని కూర్చునేవాణ్ని.

అన్నీ కలిపి, వెండి కలిసిన తీగతో మాటు వేసి, సెలవులకు నెల ముందు చల్లని పరీక్షకు పెట్టాను. బాయిలర్ నిండా చల్లటి నీళ్లు నింపి, నడిచే ఒత్తిడికి రెట్టింపు చేతి పంపుతో కొట్టి, అరగంట నిలపాలి. పదో నిమిషంలో పలకలను కలిపి పట్టే ఒక మేకు పక్కన నీటిబొట్టు తేలింది. ఒక్కటే బొట్టు. తుడిచేస్తే ఎవరికీ తెలియదు. మోటారు పెట్టె వైపు చూశాను, బొట్టు వైపు చూశాను. నీళ్లు వంపేసి, మాటు కరిగించి, మళ్లీ వేశాను. రెండోసారి అరగంటా ఒత్తిడి చూపే ముల్లు కదల్లేదు. చూడటానికి వచ్చిన బాలయ్య చివర్లో బాయిలర్ చుట్టూ పొడి చెయ్యి తిప్పి, అరచెయ్యి నాకు చూపించాడు. తడి లేదు. నేను పక్కకు తిరిగి కళ్లు తుడుచుకున్నాను.

ఏసీ నీళ్లు

సున్నం ఎక్కడిదన్నది ఇంకా మిగిలే ఉంది. మిస్త్రీ గారు వాన నీళ్లు పట్టి దాచుకునేవారు. ఆయన పోయాక తోటలో బోరు వేశారు, నేను సుఖం మరిగాను. మన బోరు నీళ్లకు గీజర్లే పూడుకుపోతాయి, సన్నని గాజు గొట్టం ఎంత?

ఒక మధ్యాహ్నం అబిడ్స్‌లో నడుస్తుంటే చీరల షాపు పైనున్న ఏసీ గొట్టంలోంచి నెత్తిన చుక్క పడింది. తిట్టబోయి ఆగిపోయాను. గాలిలోంచి దిగిన నీళ్లు, అందులో సున్నం ఎక్కడిది? లోపలికి పోయి మేనేజరును అడిగాను.

"ఏసీ నీళ్లా? ఏమన్న మందులకా అంకుల్?"

"రైలుకు."

ఆయన వాచ్‌మన్ వైపు చూశాడు, వాచ్‌మన్ నా వైపు చూశాడు. నాంపల్లి బండి గురించి చెప్పాక ఇద్దరికీ చిన్నతనం గుర్తొచ్చింది. గొట్టం కింద క్యాను పెట్టనిచ్చారు. పక్క షాపువాళ్లూ పెట్టనిచ్చారు. ఎండ ముదిరేకొద్దీ ఏసీలు ఎక్కువ కారతాయి, మా బండీ ఎక్కువ తిరుగుతుంది. ఇంతకంటే మంచి బావి ఎవరు తవ్వి ఇస్తారు? రోజూ పొద్దున్నే మోపెడ్‌కు రెండు వైపులా క్యాన్లు వేలాడదీసుకుని, గుడ్డలో వడకట్టి తెచ్చేవాణ్ని. ఆ వీధిలో నా పేరు 'ఏసీ నీళ్ల అంకుల్'.

సెలవుల మొదటి రోజు మొదటి సీటులో కార్యదర్శి గారే కూర్చున్నారు. నేను గ్లాసును అడిగాను. నీళ్లు గబుక్కున ఎగిరి వచ్చాయి. బండి వేపచెట్టు ఎత్తు ఎక్కి దిగింది. ఆయన కన్ను నలుపుకుంటూ దిగి, "కంట్ల మసి వడ్డది" అన్నారు. కాస్త ఆగి, "స్పీకర్ల గిది రాదు లే" అని నవ్వారు. మోటారు పెట్టె ఆ వారమే వెనక్కి పోయింది.

పెద్దామె మళ్లీ వచ్చిందో లేదో నాకు తెలియదు. లైనులో మనవరాలితో ఉన్న ప్రతి ముసలామె ముఖమూ చూసేవాణ్ని.

మొదటి సీటు

నేను రిటైరయ్యాక నాలుగో నంబరు శ్రావణి చేతికి వచ్చింది. పాలిటెక్నిక్ చదివి, నా దగ్గర మూడేళ్లు పనిచేసింది. ఆమె ఒంటరిగా నడిపిన మొదటి ఆదివారం టికెట్ కొనుక్కుని మొదటి సీటులో కూర్చున్నాను. మళ్లీ సెలవులే, మళ్లీ ఎండే, లైను మళ్లీ గేటు దాటింది. పిల్లలు ఏడుస్తున్నారు. శ్రావణి కుళాయి మీద చెయ్యి పెట్టింది.

అప్పుడు నేనన్నది ఆమెకు పరీక్ష పెట్టడానికి అని చెప్పుకుంటే బాగుంటుంది. కాదు. వెనక ఆ గోల వినలేక, నిజంగానే, నా నోటితోనే అన్నాను. "ఇందాకే కదమ్మా చూశావు. పోనీయ్, జనం ఆగేట్టు లేరు."

ఆమె వెనక్కి తిరగలేదు. కుళాయి తిప్పింది. నీళ్లు బుస్సుమని దిగాయి.

"సార్, మీరు గిప్పుడు ప్యాసింజర్. సప్పుడు జేయకుంట కూసోండ్రి."

గ్లాసులో నీళ్లు ఎగిరి వచ్చాయి. ఆమె విజిల్ వేసింది. నేను రెండు చేతులతో సీటు పట్టుకుని కూర్చున్నాను.